ఒక్క గుక్కలో పద్దెనిమిది

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. మా పెరట్లో తేలు కనిపిస్తే నా నోట్లోకి వచ్చేసరికి అది మండ్రగబ్బ అవుతుంది, వీధి మలుపు తిరిగేసరికి తాచుపాము అవుతుంది, సాయంత్రానికి ఊరవతలివాళ్ళు నన్ను పరామర్శించడానికి వస్తారు. నౌపడ ఉప్పు మళ్ళలో ఇరవై ఆరేళ్ళుగా గుమాస్తాగా గంపలు లెక్కపెడుతూ, తీరిక దొరికినప్పుడు నలుగురినీ నవ్వించే ముక్కలు రాసుకుంటూ బతుకుతున్నవాడిని. అయితే నాకూ ఒక నియమం ఉంది. పదిని వంద చేస్తాను గానీ సున్నాని ఒకటి చెయ్యను. గింజంటూ ఒకటి ఉంటేనే నీళ్ళు పోస్తాను.

ఇప్పుడు రాస్తున్నది నాకొచ్చిన జబ్బు గురించి. గడిచిపోయింది కాబట్టి రాయగలుగుతున్నాను. వేళ్ళమధ్య పెన్ను నిలుస్తోందో లేదో చూసుకోవడానికి కొంత, ఉప్పునీళ్ళలో దిగే నా తోటివాళ్ళు నాలాగా నాలుగు రోజులు పోగొట్టుకోకుండా ఉండడానికి కొంత.

మార్చి ఆఖరు

పాదాలు తిమ్మిరెక్కడంతో మొదలైంది. అంతకు రెండు వారాల ముందు కోటబొమ్మాళిలో ఒక పెళ్ళి భోజనం చేసి, మూడు రోజులు కడుపు పట్టుకుని పరుగులు తీశాను. ముప్పై ఏడు సార్లని నేనంటాను, తొమ్మిదని మా ఆవిడ రవణమ్మ అంటుంది. ఆ పరుగులకీ ఈ తిమ్మిరికీ సంబంధం ఉందని తరవాత డాక్టరమ్మ చెప్పేదాకా నాకు తెలియదు.

ఉప్పు మళ్ళ మనుషుల పాదాల గురించి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. గుమాస్తానైనా కూలీ అయినా పొద్దున్నుంచి సాయంత్రం దాకా గట్లమీదా, ఉప్పునీళ్ళలోనూ నడవాల్సిందే. నాలుగు సీజన్లు గడిచేసరికి అరికాలు చెప్పుతోలులా బిగుసుకుపోతుంది. ముల్లు గుచ్చుకుంటే ముల్లే విరుగుతుంది. తిమ్మిరి, మొద్దుబారడం, చీమలు పాకినట్టుండడం మాకు చుట్టాలు. "ఉప్పు పట్టింది" అనుకుని, పడుకునేముందు ఆముదం రాసుకుని, తెల్లారి మళ్ళీ మడిలో దిగుతాం.

కాబట్టి మొదటిరోజు ఉప్పు పట్టిందనుకున్నాను. రెండోరోజు ఎడమకాలి చెప్పు గట్టుమీద ఎక్కడో జారిపోయింది. ఆ సంగతి నాకు తెలియలేదు. ఒంటి చెప్పుతో ఇంటికొస్తే రవణమ్మ నన్నూ నా కాళ్ళనీ మార్చి మార్చి చూసింది.

"ఏటి మావా, రెండోది ఎవులికైనా దానం సేసినావేటి?"

"ఉప్పు పట్టిందే" అన్నాను. ఇంకొంచెం ఎక్కువ ఆముదం రాసుకున్నాను.

మూడోరోజు మూరెడు ఎత్తు గట్టు ఎక్కలేకపోయాను. నాకది సింహాచలం కొండలా కనిపించింది. నాలుగోరోజు ఉదయం మంచంమీంచి లేవబోతే మోకాళ్ళు లేవు. ఉన్నాయి, కనిపిస్తున్నాయి, కానీ నావి కావు. రవణమ్మ టీ నోటికందిస్తే పెదవి మూలనుంచి చొక్కామీదకి కారిపోయింది. ఆమె చీరచెంగుతో తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది.

"మావా, ఓపాలి నవ్వు."

నవ్వాను. నవ్వాననే అనుకున్నాను. ఆమె ముఖం చూశాక తెలిసింది, నా ముఖంమీద ఏమీ జరగలేదని.

అదే రోజు

మా బావమరిది అప్పలనాయుడు పక్క వీధిలోనే ఉంటాడు. కబురందిన పావుగంటలో రెండు పావురాలతో దిగాడు. మా వైపు మనిషికి కాలూ చెయ్యీ పడిపోతే గాలి సోకిందంటారు, గాలికి మందు పావురం నెత్తురంటారు.

"అక్కా, గిన్నె పట్టుకురా. ఏడి నెత్తురు కాళ్ళకి రాస్తే బావ సాయంత్రానికి పరిగెడతాడు."

"నీ బుర్రకి రాసుకోరా ముందు! ఆటో పిలు."

"పావురాలో?"

"ఆటికీ ఆటో కావాలేటి?"

అలా నేను, రవణమ్మ, అప్పలనాయుడు ఆటోలో స్టేషనుకీ, అక్కణ్ణించి రైల్లో శ్రీకాకుళానికీ బయల్దేరాం. పావురాలూ వచ్చాయి, వాటిని ఎక్కడ వదలాలో అప్పలనాయుడికి తోచలేదు. ఆసుపత్రి వరండాలో బెంచీ కింద గంపలో అవి కువకువలాడుతుంటే, అక్కడున్న రెండువేలమంది రోగులూ (ఇరవైమంది ఉంటారు) తమ జబ్బులు మరిచిపోయి వాటినే చూశారు.

ఆ బెంచీమీదే నాకు అసలు భయం పట్టుకుంది. నా వెనక ఎవరో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. మెడ తిప్పి చూసే ఓపిక లేదు.

"మీవోడికి గొట్టం ఏసీసినారేటి?"

"నిన్న ఏసీసినారు."

"ఇంకేటుంది బాబూ. గొట్టం ఏసీసినారంటే ఇంటికి కబురెట్టుకోడమే."

బెంచీ కింద పావురాలు ఆ క్షణంలో ఊరుకున్నాయి. ఇది పెంచి రాయడం లేదు.

ఆసుపత్రిలో మొదటి మూడు రోజులు

డాక్టరమ్మ చిన్నది, కూతురి వయసుంటుంది. చిన్న సుత్తితో నా మోకాలిమీద కొట్టింది. కాలు ఎగరాలట. పక్కింటివాళ్ళ కాలిమీద కొట్టినట్టు ఉండిపోయింది. తరవాత రవణమ్మని పక్కన కూర్చోబెట్టి చెప్పింది.

"నరాలమీద ఉండే తొడుగు దెబ్బతిందమ్మా. కాళ్ళనుంచి పైకి పాకుతుంది. ఎక్కడిదాకా వస్తుందో ఇప్పుడే చెప్పలేం. ఇందులోంచి చాలామంది లేచి నడుస్తారు, కానీ ఊపిరి తీసే కండరాలదాకా వస్తే మిషను పెట్టాలి. మందు మొదలుపెడదాం. నాలుగు రోజుల ముందే వచ్చుంటే బాగుండేది."

రవణమ్మ నా పాదాల వంక చూసింది. ఆముదం ఇంకా మెరుస్తోంది.

"మీరు గట్టిగా గాలి పీల్చి, మధ్యలో ఆపకుండా, ఒక్క గుక్కలో ఎంతవరకు లెక్కపెట్టగలరో పెట్టండి" అంది డాక్టరమ్మ నాతో. "రోజుకి మూడుసార్లు ఇలాగే చూస్తాం. పది దగ్గరకి వచ్చిందంటే ఆలస్యం చెయ్యం, గొంతులోకి గొట్టం వేసి మిషను పెట్టేస్తాం."

నేను గాలి పీల్చి మొదలుపెట్టాను. "లాభం, రెండు, మూడు..."

"ఆగండాగండి. లాభం ఏంటి?"

"మావైపు ఒకటిని ఒకటనరు డాట్రమ్మా" అంది రవణమ్మ. "కొలిసేటప్పుడు లాభవనే మొదలెట్టాల. పాతికేళ్ళ నోరు, మారదు."

డాక్టరమ్మ నవ్వి సరేనంది. ఆ సాయంత్రం ముప్పై ఒకటి వచ్చింది. మర్నాడు ఉదయం ఇరవై నాలుగు. సాయంత్రం పదహారు.

నా బతుకంతా అంకెలు పెంచడమే. ఒక అంకె నా ఇష్టంతో పనిలేకుండా దిగిపోవడం అదే మొదటిసారి. దానికి నా హాస్యంతో పనిలేదు. ముఖం ఆసరికే పూర్తిగా నిలిచిపోయింది. రెప్పలు పూర్తిగా మూతపడవు, పడుకునేటప్పుడు ప్లాస్టరు వేసేవారు. పెదాలు కలవవు గనక రవణమ్మా అని పిలిస్తే రవణన్నా అని వచ్చేది. అంత భయంలోనూ ఆవిడ "ఏటి తమ్ముడూ" అని పలికేది.

లోపల నేను గోడకి తల బాదుకుంటున్నాను. బయట నా ముఖం మాత్రం కిరాణా కొట్టు కేలెండరులో దేవుడిలా ప్రశాంతంగా ఉందట. అప్పలనాయుడు తలుపు దగ్గర నిలబడి ఏడుస్తూ వాళ్ళక్కతో అన్న మాట నాకు స్పష్టంగా వినిపించింది.

"బావకి ఏటీ తెల్డం లేదక్కా. నానిలాగ ఏడస్తంటే సూడు, బొమ్మలాగున్నాడు. రవ్వంత సలనం లేదు."

ఒరే అప్పలనాయుడూ, ఆ క్షణంలో ప్రపంచంలో నాకంటే ఎక్కువ చలించిపోతున్నవాడు లేడురా అని అరవాలనిపించింది. అరవడానికి గాలి చాలదు. ఉన్న గాలిని సాయంత్రం లెక్కకి దాచుకోవాలి.

మూడోరోజు ఉదయం గుక్క పట్టగానే తెలిసిపోయింది. పదకొండు దగ్గర ఛాతీలో ఏమీ మిగల్లేదు. బెంచీ వెనక విన్న మాట చెవిలో మోగింది. గొట్టం వేశారంటే కబురు పెట్టుకోవడమే. అది కాకపోయినా మాట పోతుంది. మాట పోయాక నాలో మిగిలేది ఏముంది? ఉప్పు పట్టిన గంపెడు ఎముకలు.

అప్పుడు నా ముఖమే నాకు ఉపాయం చెప్పింది. కదలని ముఖంమీద దొంగతనం కనబడదు. పదకొండుకీ పన్నెండుకీ మధ్య ముక్కుతో చిటికెడు గాలి దొంగిలించాను. పద్దెనిమిదిదాకా లాక్కొచ్చి ఆపాను.

"పద్దెనిమిది! నిన్నటికంటే మెరుగు" అని డాక్టరమ్మ రాసుకుంది.

మధ్యాహ్నం మళ్ళీ పద్దెనిమిది. ఈసారి రెండుచోట్ల దొంగిలించాల్సి వచ్చింది. సాయంత్రానికి, ఏ మాటకామాటే చెప్పాలి, నా సొంత గాలి తొమ్మిదికే అయిపోయింది. అయినా పద్దెనిమిది చెప్పాను. డాక్టరమ్మ కాగితం చూసి కనుబొమలు ముడివేసింది. "మూడుసార్లూ పద్దెనిమిదేనా?"

గదిలో అందరూ నా వైపే చూస్తున్నారు. రవణమ్మ మంచం కాళ్ళవైపు నిలబడి ఉంది. అప్పుడు, నేను లేవలేకపోయినా, నాలోని నిజాయితీ లేచి కూర్చుంది. "దొంగ లెక్క డాక్టరమ్మా, తొమ్మిదే" అనేశాను.

పావుగంటలో నన్ను పై అంతస్తుకి తీసుకుపోయారు. గొట్టం వేశారు. మత్తులోకి జారుతుండగా డాక్టరమ్మ ఎవరితోనో అంటోంది, "ఈ రాత్రికి ఊరుకునుంటే పొద్దున్నకి దక్కేవాడు కాదు" అని.

ఏప్రిల్

ఏప్రిల్ నెలంతా నేను ఒక పైకప్పు కింద బతికాను. ఆ పైకప్పులో నాలుగువేల రెండువందల చిల్లులున్నాయి. ఈ అంకె నిజం, ఎనిమిదిసార్లు లెక్కపెట్టాను. పక్కన మిషను నా బదులు ఊపిరి పీల్చేది. గొంతుకి చిల్లు పెట్టి గొట్టాన్ని అక్కడికి మార్చారు. కదిలేవి కనుగుడ్లు మాత్రమే. పైకి చూస్తే అవును, కిందకి చూస్తే కాదు. ఒక సిస్టరు నేర్పిన భాష అది. ఇంటివాళ్ళని ఉదయం పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు మాత్రమే లోపలికి పంపేవారు.

భయం ఎలా ఉంటుందంటే, మిషను ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య ఆగుతుంది కదా, ఆ ఆగినప్పుడల్లా ఇక ఊదదేమో అనిపిస్తుంది. ఊదుతుంది. మళ్ళీ ఆగుతుంది. రోజంతా అదే. కరెంటు పోతే? ఎవరి కాలైనా వైరుకి తగిలితే? అడగడానికి నోరు లేదు. చెమట్లు పడుతున్న నా ముఖం మాత్రం కేలెండరు దేవుడే.

మడిలో నీళ్ళు కదలకుండా ఉంటేనే ఉప్పు కడుతుంది. ఉప్పు తేలేవేళ ఎవరైనా కాలు పెడితే తిట్లు తినాల్సిందే. రెప్ప మూతపడని నా కళ్ళలోంచి నీళ్ళు కారి చెంపలమీద ఎండిపోతుంటే, ఇన్నేళ్ళు నేను కాపలా కాసిన పంట ఇప్పుడు నా ముఖంమీదే పండుతోందనుకునేవాణ్ణి.

అక్కడ వార్డు తుడిచే ఆయమ్మ ఒకావిడ ఉండేది. ముక్కుమీద దురద పుడితే గోక్కోలేకపోవడం ఎంత నరకమో చెప్పడానికి, ఇంతగా పెంచి రాసే నాకే మాటలు చాలవు. ఆవిడ మొదటిరోజే నా కళ్ళు చూసి కనిపెట్టింది. ఆ తరవాత నా మంచం పక్కనుంచి వెళ్ళే ప్రతిసారీ, ఎవరూ చెప్పకుండానే, చీపురు పక్కనపెట్టి, చెయ్యి కడుక్కొచ్చి, నా ముక్కు గోకి వెళ్ళేది. చెంపలమీది ఉప్పు తడిగుడ్డతో తుడిచేది. "సాలా బాబూ?" అనేది. నేను పైకి చూసేవాణ్ణి. ఆవిడ పేరు నాకు ఇప్పటికీ తెలియదు.

మే నుంచి ఇప్పటిదాకా

మే మొదట్లో ఒకరోజు ఆయమ్మ ముక్కు గోకుతుండగా నా కుడి బొటనవేలు కదిలింది. ఆవిడ కేక విని సిస్టర్లంతా పరిగెత్తుకొచ్చారు. తరవాత వేళ్ళు, మణికట్టు, భుజం, వచ్చిన దారినే జబ్బు మెట్టుమెట్టుగా దిగిపోయింది. మిషను తీశాక డాక్టరమ్మ లెక్కపెట్టమంది. రవణమ్మ పక్కనే ఉంది. గొంతులోంచి గాలీ చప్పుడూ కలిసి వచ్చిన మొదటి మాట, "లాభం." ఆరోజు పన్నెండు వచ్చింది, సొంత గాలితో.

తొలకరి పడ్డాక ఇంటికొచ్చాను. అప్పలనాయుడు నన్ను ఎత్తుకుని గుమ్మం దాటించాడు. పావురాలు మా చూరులో గూడు పెట్టి పిల్లల్ని చేశాయి. "సూసినావా బావా, ఆటి సలవే" అంటాడు వాడు. దసరాకి కర్ర పట్టుకుని నడిచాను. ఇప్పుడు కర్ర లేదు. ఒక్క గుక్కలో నలభై ఒకటి వస్తోంది. ముఖం మాత్రం ఎడమవైపు కొంచెం ఆలస్యం, నేను జోకు వేస్తే జనం ముందు నవ్వుతారు, నా ఎడమచెంప తరవాత నవ్వుతుంది.

మళ్ళలో దిగేవాళ్ళకి నా మాట ఒక్కటే. తిమ్మిరి పాదాలదగ్గర ఆగకుండా పైకి పాకుతుంటే, చెప్పు జారినా తెలియకపోతే, అది ఉప్పు కాదు. ఆముదం సీసా పక్కనపెట్టి ఆసుపత్రికి వెళ్ళండి. అక్కడ అడిగిన లెక్క సరిగ్గా చెప్పండి.

ఇంతవరకు రాసి, మొన్న మధ్యాహ్నం రవణమ్మకి చదివి వినిపించాను. పావురాల దగ్గర నవ్వింది. ఆయమ్మ దగ్గర కళ్ళు ఒత్తుకుంది. మూడోరోజు సాయంత్రం నా నిజాయితీ లేచి కూర్చున్న చోట మాత్రం చేటలో బియ్యం తీసుకుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టింది.

"ఏటే, బాగులేదా?"

"బాగానే ఉన్నాది. నీ కత, నువ్వెలాగ రాసుకుంటే అలాగే."

అంతే అంది. మిగతా అబద్ధాల్లో ఒక్కొక్కదాన్నీ పట్టుకుని ఎగతాళి చేసిన మనిషి, ఆ ఒక్కదాన్నీ వదిలేసింది.

కాబట్టి చెప్పాలి. సున్నాని ఒకటి చెయ్యనన్నాను, ఒకచోట చేశాను. ఆ సాయంత్రం నేను నోరు విప్పలేదు. డాక్టరమ్మ "మూడుసార్లూ పద్దెనిమిదేనా?" అన్నప్పుడు నేను పైకప్పు చూస్తూ ఉండిపోయాను. మంచం కాళ్ళవైపునుంచి రవణమ్మ అంది:

"కాదు డాట్రమ్మా. తొమ్మిది కాడ ఊపిరి తీసినాడు, పదమూడు కాడ మళ్ళీ తీసినాడు. పొద్దున్నా అంతే, నాకు అనుమానం తగిలినాది గాని నోరు రానేదు. ఈయన లెక్క నాకు తెల్సు. పెళ్ళికి ముందు మడిలో ఉప్పు మోసేదాన్ని, నా గంపలు రెండు మింగీసి సదివితే నలుగుర్లో నిలబెట్టి మళ్ళీ లెక్కెట్టించినాను. తొమ్మిదే. గొట్టం ఏసీండి."

బెంచీ వెనక ఆ ఇద్దరూ మాట్లాడుకున్నది ఆమె కూడా విన్నది. గొట్టమంటే ఏమనుకోవాలో ఆమెకీ నాకున్నంత భయమే ఉంది. అయినా వెయ్యమంది.

నన్ను చావుకి అప్పజెప్పిందనుకున్నాను. కోపం వచ్చింది. కోపం చూపించడానికి నా దగ్గర కనుగుడ్లు తప్ప ఏమీ మిగల్లేదు, వాటితోనే చూపించాను. మర్నాడు ఉదయం ఆమె లోపలికి రాగానే కళ్ళు గోడవైపు తిప్పేశాను. "మావా, నొప్పిగున్నాదా?" గోడ. "నా మీద కోపవా?" గోడ. సిస్టరు అనుకుంది నాకు తెలివి లేదని. రవణమ్మకి తెలుసు తెలివి ఉందని. ఆ పది నిమిషాలకోసం ఆమె రోజంతా తలుపవతల మెట్లమీద కూర్చునేది. అలా రెండు రోజులు, నాలుగు పూటలు. జబ్బు చేత కదలని మనిషినని అందరూ జాలిపడుతున్నప్పుడు, కదలగలిగిన ఆ ఒక్కదాన్నీ నేను కదపలేదు.

మూడోనాడు తెల్లారగానే ఆయమ్మ ముక్కు గోకుతూ అంది, "మీ ఆవిడేటి బాబూ, తలుపుకి సెవి ఆనించి నీ మిషను సప్పుడు లెక్కెట్టుకుంటంది. ఎయ్యి దాటితే మళ్ళీ లాభం కాణ్ణించి మొదలెడతంది. ఏటా లెక్క?"

ఆ ఉదయం రవణమ్మ వచ్చి మంచం కాళ్ళవైపే నిలబడింది. దగ్గరికి రాలేదు.

"కోపవేనా?"

పైకి చూశాను.

"ఇంకానా?"

కిందకి చూశాను. అప్పుడు దగ్గరికి వచ్చింది.

ఈ భాగం నిన్న రాసి, ఆమెకి చదివి వినిపించాను. చేట పక్కనపెట్టి మొత్తం విన్నది. వేళ్ళమీద ఏదో లెక్క వేసుకుంది.

"నాలుగు పూటలు కాదు, మూడే. రెండోనాడు సాయంత్రం నీ కళ్ళకి పలాస్త్రీ ఏసీసున్నారు, సూద్దావన్నా సూడనేవు. ఆ పూట నీ ఖాతాలో ఎయ్యకు."

మూడు అని దిద్దుకుంటున్నాను.